ఒక్క పాట చాలునా? — మన యువ జానపద కవుల పరిణతి

పాట పాడుట వేఱు. పాట కట్టుట వేఱు. కట్టిన పాటను మించిన పాటను మఱల కట్టుట వేఱు. మొదటి దానికి గొంతు చాలును. రెండవ దానికి గొంతుతో పాటు గుండె వలయును. మూడవ దానికి ఈ రెండును చాలవు. కాలము, ఓపిక, తన్ను తాను పరీక్షించుకొను ధైర్యము కూడ వలయును. తెలుగునాట గొంతులకు ఎన్నడును కఱవు లేదు. గుండెగల యువకులకును కొఱత లేదని నేటి పాటలు చాటుచున్నవి. కాని ఆ మూడవ మెట్టు ఎక్కుచున్నవారు ఎందఱు? ఎక్కనిచ్చు పరిస్థితులు మన రాజధానిలో నున్నవా? ఈ ప్రశ్నను నేడు చదువరుల ముందుంచ దలచితిమి. ఇది పాటగాండ్రకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. పొలము గలవారికిని, పట్టణమున ఇల్లు గలవారికిని ఇందు పాలు గలదు. ఎట్లన్నది ముందు వివరింతుము.

తూర్పు వాకిలి

హైదరాబాదునకు తూర్పున నున్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ప్రాంతముల నెఱుగని గృహస్థుడు నల్లగొండ సీమలో లేడు. విజయవాడ బాటయు, నాగార్జునసాగర్ బాటయు ఇచ్చటి నుండియే సాగిపోవును. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అను భూస్వామి పొలములు ఇండ్ల స్థలములుగా మాఱగా ఆయన పేరనే మొదటి పేట వెలసినది. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన రెండవది కొంతకాలము వేఱు పురపాలక సంఘమై యుండి, 2007 ఏప్రిలు 16వ తేదీన మహానగర పాలక సంస్థలో కలిసినది. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేట నుండి ఎల్‌బీ నగర్ వఱకు మెట్రో రైలు నడచుట ఆరంభమైన పిమ్మట, నగరపు టంచు అని పేరు బడిన ఈ ప్రాంతము నగరపు నడిబజారు వంటిదైనది.

పొలములు పోయి పేటలు వచ్చినవి గాని, పేటలలో నివసించువారు మాత్రము పల్లెలవారే. సూర్యాపేట, దేవరకొండ, ఖమ్మము, మహబూబ్‌నగర్ ప్రాంతముల నుండి వచ్చిన కుటుంబములు ఇచ్చట స్థిరపడినవి. సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకొను యువకులు ఇచ్చటి హాస్టళ్లలో, చిన్న అద్దె గదులలో కాలము గడపుదురు. ఊరి నుండి వచ్చునప్పుడు బియ్యము మూటతో పాటు అమ్మమ్మ పాడిన పాటను కూడ వెంట తెచ్చుకొన్నవారు వీరిలో లేకపోలేదు.

ఈ ప్రాంతమునకు పాటతో నున్న బంధము దుఃఖముతో ముడివడినది. 2009 నవంబరు 29వ తేదీన కాసోజు శ్రీకాంతాచారి యను విద్యార్థి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో తన దేహమునకు నిప్పంటించుకొనెను. డిసెంబరు 3వ తేదీన కన్ను మూసెను. ఆ మంట చల్లారకమునుపే తెలంగాణమంతట పాటలు పుట్టినవి. బిడ్డల పోగొట్టుకొన్న తల్లుల శోకమును శివునితో మొఱపెట్టుకొన్నట్లు మిట్టపల్లి సురేందర్ వ్రాసిన పాటను సాయిచంద్ పాడుచుండగా కంట తడి పెట్టని సభ లేదు. 1984లో వనపర్తి ప్రాంతపు అమరచింతలో పుట్టిన ఆ గాయకుడు, ఉద్యమమున ఎదిగి, గిడ్డంగుల సంస్థకు అధ్యక్షుడై, 2023 జూన్ 29వ తేదీన గుండెపోటుచే 39వ యేటనే మరణించెను. ఆయన అంత్యక్రియలు జరిగినది ఎల్‌బీ నగరునకు చేరువనున్న వనస్థలిపురముననే.

సురేందర్ వ్రాసెను, సాయిచంద్ పాడెను. జనము పాడినవానిని ఎఱుగును. వ్రాసినవానిని ఎఱిగినవారు అంతకంటె తక్కువ. ఈ భేదమును చదువరులు మనస్సున నుంచుకొన గోరుచున్నాము. మా విచారమున కది మూలము.

"ఆల్బమ్" అను మాట

నేటి యువకుల నోట "ఆల్బమ్" అను మాట తఱచుగా వినబడుచున్నది. దాని యర్థము మాఱిన తీరు గమనింపదగినది. పూర్వము గ్రామఫోను పళ్లెములకు, పిదప క్యాసెట్లకు ఆల్బమ్ అనగా పాటల సంపుటి. క్యాసెట్టునకు రెండు వైపులు. వైపునకు నాలుగైదు పాటలు. ఎనిమిది పది పాటలు ఒకే తీరున నున్నచో వినువాడు విసిగిపోవును గనుక, పాట కట్టువాడు ఒకటి శోకమున, ఒకటి హాస్యమున, ఒకటి శృంగారమున, ఒకటి తత్త్వమున కట్టక తప్పెడిది కాదు. సంపుటి యనునది అట్లు కవికి తెలియకుండనే పాఠశాలయై యుండెను.

ఇప్పుడు ఆల్బమ్ అనగా ఒక్క పాట. సినిమాలోనిది కాక, తామే వ్రాసి, తామే పాడి, ఇద్దఱు నర్తకుల నిలిపి చిత్రించి, యూట్యూబున పెట్టు పాటను "ఆల్బమ్ సాంగ్" అనుచున్నారు. మాట ఒకటే, వస్తువు పదియవ వంతునకు కుదించుకొనిపోయినది. ఒక్క పాటకు ఒక్క భావము చాలును. ఆ భావము జనమునకు నచ్చినచో, మఱుసటి పాటకును అదే భావము, అదే తాళము, అదే నడక. చూచినవారి లెక్క పెరిగినంత కాలము మార్పు కోరుటకు కారణమే కనబడదు. లెక్క తగ్గిన నాడు మార్చుకొనుటకు సామర్థ్యము మిగులదు. ఈ వలయమున చిక్కి, రెండు మూడు పాటలతో వెలిగి మఱుగుపడిన యువకులు మన కండ్ల యెదుటనే యున్నారు.

ఈ మాటలు చెప్పుటలో నూతన సాధనమును నిందించుట మా యుద్దేశము కాదు. పూర్వము క్యాసెట్టు వేయుటకు కంపెనీవాని గడప తొక్కవలసి యుండెను. నేడు తండాలోని బాలుడు ఎవరి దయయు లేకుండ లోకమునకు తన గొంతు వినిపింపగలుగుచున్నాడు. ఇది చిన్న మేలు కాదు.

ఒక యువకుని యుదాహరణము

పాలమూరు సీమకు చెందిన లంబాడా యువకుడు రాము రాథోడ్ ఇందుకు తార్కాణము. తన పాట తానే వ్రాసి, తానే పాడి, తానే ఆడగల యువకుడతడు. 2025లో వెలువడిన "రాను బొంబాయికి రాను" అను పాటను కోట్ల సంఖ్యలో జనులు విన్నారు. ప్రభ యను గాయని దానిని అతనితో కలిసి పాడినది. కల్యాణ్ కీస్ సంగీతము కూర్చెను. పెండ్లి బరాతులలో, వినాయక మండపములలో, బడిపిల్లల వార్షికోత్సవములలో ఆ పాట మ్రోగని వీధి దిల్‌సుఖ్‌నగర్‌లో లేదనిన అతిశయోక్తి కాదు. అదే సంవత్సరమున అతడు టెలివిజను వారి బిగ్‌బాస్ పోటీలోను పాల్గొనెను.

ఆ పాట పడుచు జంట వాదులాట. చిన్నవాడు పిలుచును, చిన్నది రానని బెట్టు చేయును. పల్లెపాటలలో ఈ మచ్చు ప్రాచీనమైనది. యక్షగానములందును, వీధిభాగవతములందును ఇట్టి సంవాదములు కోకొల్లలు. అందుచే అది ముసలివారికి తెలిసినట్లుగను, పడుచువారికి కొత్తగను తోచినది. జనాదరణకు కారణ మిదియే యని మా యభిప్రాయము.

అయితే పాలమూరు నోట "బొంబాయి" యను మాట తేలికమాట కాదు. కఱవు బాధకు ఓర్వలేక, ముసలివారిని, పసివారిని ఊరనే విడిచి, బొంబాయి, పూనా, భివండి పట్టణములకు కూలికి పోయిన తరములు పాలమూరున నున్నవి. ఆ బస్సు ఎక్కిన తల్లి కన్నీరు ఆ మాట వెనుక నున్నది. పాట కట్టిన యువకుడు దానిని సరసమునకు వాడుకొనెను. తప్పు లేదు, యౌవనమునకు సరసము సహజము. కాని అదే కవి, అదే మాటను మఱల చేతికి దీసికొని, రానన్న చిన్నది ఎందులకు రానన్నదో, పోయినవాడు ఎందులకు పోయెనో విప్పి చెప్పిన నాడు అతని పరిణతి ఆరంభమగును. పనిముట్టు అతనికడ నున్నది. పని యింకను మిగిలి యున్నది. ఆ పని చేయగలవాడని నమ్మియే ఈ మాట వ్రాయుచున్నాము.

పాలమూరు నుండియే మఱియొక దారి

ఈ పరిణతి యెట్లుండునో చూడగోరువారికి ఆ పాలమూరు సీమయే మఱియొక యుదాహరణము నిచ్చుచున్నది. నాగర్‌కర్నూలు ప్రాంతపు గౌరారము గ్రామమున పుట్టిన గోరటి వెంకన్నగారి సంపుటులను వరుసగా చదువువారికి ఒక కవి యెదుగుదల చెట్టు పెరిగినట్లు కనబడును. మొదటి సంపుటి పేరు "ఏకునాదం మోత". ఆ కాలపు యువకులందఱివలె ఆయనయు ఉద్యమముల గాలిలో పెరిగినవాడు. కాని నినాదమును తాళమున నిలిపి పాటయనుటతో ఆయన తృప్తి చెందలేదు. ఏకనాదము మీటి భిక్షాటనము చేయు బైరాగి పదములు, యక్షగానపు దరువులు, ఊరిలోని స్త్రీల హారతిపాటలు ఇంటనే చెవిని బడినవాడగుటచే, వాని నడకలను తన మాటలకు తొడిగెను.

2002లో వచ్చిన "కుబుసం" చలనచిత్రముచే, పల్లె కన్నీరు గూర్చిన ఆయన పాట ఇంటింట వినబడినది. కుమ్మరి సారె, కమ్మరి కొలిమి, సాలెల మగ్గము, వడ్రంగి బాడిస ఒకదాని వెనుక నొకటి మూలబడిన విధమును వరుస బెట్టి చెప్పి, దాని వెనుక కనబడని చేతుల కుట్రను చూపిన పాట యది. అర్థశాస్త్ర గ్రంథములు చదువని రైతునకు విశ్వవిపణి యనగా నేమో ఆ యొక్క పాట బోధించినది. అంత పేరు వచ్చిన పిదప అట్టి పాటలే మఱి పది కట్టి యుండవచ్చును, జనము కాదనకుందురు. ఆయన అట్లు చేయలేదు. నగరమునకు వచ్చినవాడు నగరమును చూచెను. "గల్లీ చిన్నది" అను పాటలో హైదరాబాదు బస్తీలలోని గరీబుల యిఱుకు బ్రతుకును, ఆ యిఱుకులోని స్నేహమును పలికించెను. అందు ఉర్దూ మాటలు, తెలుగు మాటలు పక్కపక్క యిండ్ల వారివలె కలిసి మెలిసి యుండును. ఊరి పాటగాడు నగరపు పాటగాడుగా మాఱుటకు అంతకంటె చక్కని మాదిరి మాకు తోచదు.

అచ్చటను ఆగలేదు. "రేల పూతలు", "అలచంద్రవంక" మీదుగా "వల్లంకి తాళం" వఱకు వచ్చునప్పటికి వాగు, పిట్ట, చెట్టు, వెన్నెల పాటలోనికి వచ్చినవి. కోపము తగ్గి లోతు పెరిగినది. వల్లంకి యనునది ఒక పిట్ట. ఆ సంపుటికే కేంద్ర సాహిత్య అకాడమీ 2021 సంవత్సరపు పురస్కారము నిచ్చినది. పాటలు సాహిత్యమా యని సందేహించు పండితులకు అది సమాధానము. మొదటి సంపుటి నుండి అచ్చటి వఱకు పట్టిన కాలము ఒక తరమునకు దగ్గర. ఒక్క పాటతో నిలిచిపోయి యున్నచో ఆ సంపుటి పుట్టెడిదే కాదు.

ఇట్టి యెదుగుదల తెలుగునాటనే కాదు, ఎచ్చటనైనను ఇదే తీరున నుండును. అమెరికాలో బాబ్ డిలన్ అను పందొమ్మిదేండ్ల యువకుడు 1961 జనవరిలో న్యూయార్కు నగరమునకు చేరి, అచ్చటి కాఫీ హోటళ్లలో పాత జానపదములు పాడుచు పొట్ట పోసికొనెను. 1962 మార్చిలో వెలువడిన అతని మొదటి సంపుటిలో పదుమూడు పాటలు. వానిలో తాను వ్రాసినవి రెండు మాత్రమే. పదునాలుగు నెలల పిదప, 1963 మే నెలలో వచ్చిన రెండవ సంపుటిలో పదుమూడింట పదునొకండు తనవి. బానిసల కాలపు పాత బాణీని గైకొని తన మాటలు కూర్చిన పాటయు వానిలో నున్నది. ఆ కవికే 2016లో నోబెల్ సాహిత్య బహుమానము వచ్చినది. పాతవారి గొంతుతో పాడుట అవమానము కాదు, అది అక్షరాభ్యాసము. దానియందే యుండిపోవుటయే లోపము.

మూడు అడ్డంకులు

మన యువకులకు ఈ దారిలో మూడు అడ్డంకులు గలవు. మొదటిది జీవనము. పన్నెండు మెట్ల కిన్నెర వాయించి పండుగ సాయన్న కథ పాడు దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. రాష్ట్ర ప్రభుత్వము కోటి రూపాయలును, ఇంటి స్థలమును ప్రకటించినది. అంతటి పెద్దమనిషి 2024లో ఎల్‌బీ నగర్‌కు దక్షిణపు బాటలోనున్న తుర్కయంజాల్‌లో ఇండ్ల కట్టుబడి పనికి కూలిగా పోవుచుండగా పత్రికలు చూచి ప్రకటించినవి. బిరుదు ఒకనాటిది, ఆకలి ప్రతిదినమునది. వృద్ధ కళాకారుని స్థితి యిట్లుండ, ఏ యువకుడు తన పాటను నమ్ముకొని పది పాటల సంపుటికై రెండేండ్లు కూర్చుండును? పెండ్లి బరాతులకు, రాజకీయ సభలకు, ఎన్నికల పాటలకు పోక తప్పదు. ఎన్నికల పాటకు రొక్కము వెంటనే వచ్చును. కాని ఎన్నికతోనే ఆ పాటయు పోవును.

రెండవ అడ్డంకి కర్తృత్వము. 2021లో "లవ్ స్టోరీ" చలనచిత్రమునందలి "సారంగదరియా" పాట జనమును ఊపివేసినది. దాని పల్లవి జానపదము. చరణములు సుద్దాల అశోక్‌తేజగారి రచన. చలనచిత్రమున పాడినది మంగ్లీ. ఆ జానపదమును అంతకుముందు "రేలా రే రేలా" కార్యక్రమమున పాడి లోకమునకు తెలిపినది తానేయని కోమలి యను గాయని ముందుకు వచ్చినది. ఎవరి వాదము ఎంతవఱకు న్యాయమో తీర్పు చెప్పుట మా పని కాదు. కాని ఆ వివాదము ఒక పెద్ద సందేహమును బయట బెట్టినది: కర్త తెలియని పాటకు యజమాని యెవడు? కట్టిన అవ్వయా, సేకరించిన గాయనియా, చరణములు కూర్చిన కవియా, డబ్బు పెట్టిన కంపెనీయా?

చట్టము కొంతవఱకు జవాబిచ్చుచున్నది. 1957 కాపీరైటు చట్టము ప్రకారము రచయిత జీవితకాలమును, ఆ పిదప అఱువది సంవత్సరములును హక్కు నిలుచును. 2012 సవరణచే, పాటను ఇతరులకు వ్రాసి యిచ్చినను రచయితకును, సంగీతకర్తకును రాయల్టీలో సమాన భాగము పోదు. హక్కు బదలాయింపు వ్రాతమూలముగనే జరుగవలయును. కాలము వ్రాయకున్నచో అయిదేండ్లు మాత్రమే చెల్లును. దేశము పేరు వ్రాయకున్నచో భారతదేశమునకు మాత్రమే చెల్లును. పాటలకు రావలసిన సొమ్ము వసూలు చేసి పంచుటకు 1969లో ఏర్పడిన ఐ.పి.ఆర్.ఎస్. అను సంఘము గలదు. పొలము అమ్మునప్పుడు పట్టా, పహాణీ చూడకుండ సంతకము చేయు రైతు లేడు. పాట యమ్ము యువకుడు మాత్రము కాగితము చదువకుండ సంతకము చేయును. పెక్కుమార్లు కాగితమే యుండదు. ఇది సవరింపదగిన దోషము.

ఇచ్చట ఒక యాక్షేపణ రాగలదు. "జానపదము జనులందఱి సొత్తు కదా, దానికి కర్త యేమి, హక్కు యేమి?" యని. మంచి ప్రశ్నయే. నిజమైన పాతపాట జనులందఱిదే. దానిని తనదని రిజిష్టరు చేయించుకొని ఇతరుల నోరు నొక్కువాడు చెఱువు శిఖమును పట్టా చేయించుకొన్నవానితో సమానుడు. కాని నిన్న ఒక యువకుడు దిల్‌సుఖ్‌నగర్ అద్దె గదిలో కూర్చుండి కట్టిన పాట జానపదపు బాణీలో నున్నంత మాత్రమున జనులందఱి సొత్తు కాజాలదు. "జానపదం" అని ముద్ర వేసి కర్త పేరు చెఱిపివేయుట అతని కూలి యెగవేయుటయే. ఈ రెంటికిని నడుమ గట్టు వేయుట అవసరము. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయ సాహిత్యముపై పరిశోధన చేసి 1956లో పట్టమందినప్పుడు చూపిన శ్రద్ధ, ఏది పాతదో యేది కొత్తదో తేల్చి చెప్పు శ్రద్ధ, నేడు మఱల వలయును.

మూడవ అడ్డంకి విమర్శ లేకుండుట. నాటకము ఆడినచో పత్రికలు వ్రాయును. చలనచిత్రము వచ్చినచో ఆ సాయంకాలమే తీర్పు వెలువడును. యువకుడు పాట కట్టినచో "ఇన్ని లక్షలమంది చూచిరి" అను లెక్క తప్ప మఱియొక మాట చెప్పువారు లేరు. లెక్క ప్రశంస కాదు, నింద కాదు. అది సంతలోని కొలత. నీ రెండవ చరణమున మాట తడబడినది, నీ మూడవ పాట మొదటి పాటకు నీడ, ఈ వాక్యము మాత్రము నీదే, దీనిని పట్టుకొని పొమ్మని చెప్పు పెద్ద దిక్కు లేకున్న యువకుడు యెట్లు ఎదుగును? "రేలా రే రేలా" కార్యక్రమమున వెంకన్నగారు, అశోక్‌తేజగారు వంటివారు కూర్చుండి పల్లె గాయకులకు మెచ్చుకోలుతో పాటు దిద్దుబాటు చెప్పుట కొంత మేలు చేసినది. అట్టిది టెలివిజను వ్యాపారమునకు మాత్రమే వదలదగినది కాదు.

బూతు అను నింద

పెద్దలలో కొందఱు నేటి యువకుల పాటలు బూతులనియు, డీజే మోతలనియు, వానిని గుఱించి విచారము దండుగ యనియు ననుచున్నారు. కొన్ని పాటలు అట్టివే, కాదనము. కాని దంపుడు పాటలలో, వరినాటు పాటలలో, పెండ్లిండ్ల వియ్యపురాళ్ల పాటలలో మోటు సరసము ఎన్నడు లేకుండెను? దానినుండియే గొప్ప పాటలును పుట్టినవి. 2023లో వచ్చిన "బలగం" చలనచిత్రములోని పల్లెటూరి పాటకు కాసర్ల శ్యాంగారికి జాతీయ పురస్కారము 2025లో ప్రకటింపబడినది. ఊరి మాటలతో, ఊరి బాణీతోనే అది సాధ్యమైనది. బడిమెట్టు ఎక్కని అందెశ్రీ పశువుల గాచి, మట్టిపని చేసి, తుదకు ఒక రాష్ట్రమునకే గీతము నిచ్చెను. 2024లో ఆ పాట రాష్ట్ర గీతమైనది, 2025 నవంబరు 10వ తేదీన ఆయన కన్ను మూసెను. ఆయన మొదటి పాటలు విని, చదువురానివాని పాటలని ఎవరైన ద్వారము మూసి యున్నచో ఏమి నష్టము వాటిల్లెడిదో ఊహింపుడు. బూతును నిందించుటతో తీరదు. బూతు కాని దానిని విని, మెచ్చి, వెల యిచ్చువారు ముందుకు రావలయును.

మన కర్తవ్యము

ఇచ్చటనే చదువరుల పాత్ర వచ్చుచున్నది. మీలో భూవసతి గలవారు పెక్కుమంది. మీ మడిగట్ల మీద నిలిచి నాటు పాటలు, కలుపు పాటలు విన్నవారు మీరు. ఇప్పుడు నాటు వేయు యంత్రము, కోత కోయు యంత్రము వచ్చినవి. యంత్రము రాకూడదని మేమనము. కూలీలు దొరకని కష్టము మాకు తెలియును. కాని పనితో పుట్టిన పాట పనితోనే పోవును. మీ యూరిలో ఎనుబదేండ్ల అవ్వ యింకను బ్రతికి యున్నచో ఆమె పాటలను ఆమె పేరుతో, ఊరి పేరుతో, తేదీతో నమోదు చేయింపుడు. చేతిలోని ఫోను చాలును. వేయి రూపాయల ఖర్చైనను లేదు. రేపు సారంగదరియా వంటి వివాదము వచ్చిన నాడు ఆ నమోదే సాక్ష్యము. యువకవికి అదే విత్తనము.

పట్టణవాసులారా, మీ యింట పెండ్లికి పాటగాండ్రను పిలుతురు. పాడినవానికి శాలువ కప్పునప్పుడు, వ్రాసినవాని పేరు కూడ వేదికపై చెప్పింపుడు. ఇందుకు కాసు ఖర్చు లేదు. చెప్పగా చెప్పగా అది ఆచారమగును. ఆచారము బలపడినచో చట్టము చేయలేని పని చేయును. సరూర్‌నగర్ క్రీడాప్రాంగణమున 2025 సెప్టెంబరు 29వ తేదీన అఱువది మూడడుగులకు మించిన బతుకమ్మను పేర్చి ప్రపంచ రికార్డు సాధించితిమి. మంచిది. కాని ఆ బతుకమ్మ చుట్టు పాడదగిన కొత్త పాటలు ఆ యేట ఎన్ని పుట్టినవి, ఎవరు కట్టిరి అని అడిగిన వారేరి? పూల యెత్తు కొలుచుటకు కొలబద్ద దొరకినది. పాట లోతు కొలుచుటకు చెవులు కావలయును. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ప్రాంతములలోని గ్రంథాలయములు, కాలనీ సంఘములు నెలకొక సాయంకాలము డీజే లేకుండ, డప్పు, డోలకు, కంజీరలతో యువకవుల సొంత పాటలకు వేదిక యీయవచ్చును. నియమ మొక్కటి చాలును: వచ్చినవాడు పేరు తెచ్చిన పాట కాక, క్రొత్తగా కట్టిన పాట పాడవలయును.

యువకులకు ఒక మాట. కేంద్ర సాహిత్య అకాడమీ ముప్పది యైదేండ్ల లోపు వారికి యువ పురస్కారము 2011 నుండి యిచ్చుచున్నది. పాటల పుస్తకమును కూడ కవిత్వముగనే పరిగణింతురని "వల్లంకి తాళం" నిరూపించినది. యూట్యూబున ఒక్కొక్కటిగ చల్లిన పాటలను ఏఱి, బలహీనమైన వానిని తీసివైచి, మిగిలిన వానిని వరుస కూర్చి సంపుటిగా వేయుడు. అట్లు వరుస కూర్చునప్పుడే మీ పాటలలో ఏది మఱియొకదానికి నకలో, ఏది నిజముగ మీదో మీకే తెలియును. ఆ జ్ఞానము ఏ లెక్కయు ఈయజాలదు.

పత్రికలకును బాధ్యత గలదు. నవలను సమీక్షించునట్లు పాటల సంపుటిని కూడ పల్లవి నుండి తుది చరణము వఱకు విని, మంచి చెడ్డలు నిష్పక్షపాతముగ వ్రాయవలయును. పల్లె వదలి నగరపు తూర్పు వాకిట నిలిచిన యువకునకు మనము ఇల్లు అద్దెకిచ్చితిమి, కొలువుల పాఠములు అమ్మితిమి, అతని పాటకు చిందులు వేసితిమి. అతడు రెండవ పాటకై, పదవ పాటకై వెదకుకొను కాలమున అతనికి కావలసిన కూలి, పేరు, దిద్దుబాటు అను మూడింటిని కూడ ఈయగలిగిన నాడే, మన కాలమునకు తగిన పాట మనకు దక్కును.